వదిన కూర్చున్న సీటు

ఊళ్ళో మా వదినను డబుల్ బ్రేకు టీచరు అంటారు. ఎదురుగా అనరు, ఎదురుగా ఉత్త టీచరుగారే. ఆవిడది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు కూర్చుంటే ఆవిడ పక్క సీట్లో కూర్చుంటుంది. అక్కడ ఆవిడ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడికి కంగారు పుట్టి ఏది తొక్కాలో తెలియనప్పుడు ఆవిడ అది తొక్కుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ఊళ్ళో కారు నడిపేవాళ్ళలో సగం మంది ఆవిడ బ్రేకు పుణ్యాన బతికి బట్టకట్టినవాళ్ళే.

నేను ఆవిడకు మరిదిని. స్కూలు వెనక షెడ్డులో మెకానిక్‌ని. నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, జరిగినదాంట్లో దాని వాటా చాలా ఉంది. మామూలుగా వదినను నువ్వు అంటాను, కోపమొస్తే మీరు అంటాను. ఆవిడా అంతే. మామూలప్పుడు నేను అబ్బాయిని, కోపమొస్తే మరిదిగారిని. ఇంట్లో మర్యాద పెరిగిందంటే అన్నయ్య మెల్లిగా లేచి కుట్టుమిషను దగ్గరికి వెళ్ళిపోతాడు. ఆయన దర్జీ. ఇంట్లో తుఫాను వచ్చినప్పుడల్లా ఎవరిదో ఒక చొక్కా పూర్తవుతుంది.

వదిన కాలు గురించి చెప్పాలి. ఆ కుడికాలికి విశ్రాంతి లేదు. బస్సులో కూర్చున్నా, సోఫాలో కూర్చుని టీవీలో కార్లు పరిగెత్తడం చూసినా, లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది. సోఫా ముందు పరిచిన తివాచీ సరిగ్గా ఒక పాదమంత మేర బోడి అయిపోయింది. ఎవరైనా కారు నడుపుతుంటే పక్కన కూర్చుని ఆవిడ కునుకు తీయడం నేనెప్పుడూ చూడలేదు. ఆరు గంటల ప్రయాణమైనా సరే, కళ్ళు రోడ్డు మీద, కాలు నేల మీద. "కాస్త పడుకో వదినా" అంటే, "నేను పడుకుంటే బ్రేకు ఎవరు తొక్కుతారు?" అంటుంది.

ఆవిడ నా మీద తొక్కిన బ్రేకులకు లెక్కలేదు. నాకు పదేళ్ళప్పుడు ఆవిడ మా ఇంటికి కోడలిగా వచ్చింది. పద్దెనిమిదేళ్ళప్పుడు నాకు కారు నేర్పింది. మూడో రోజే స్కూలు గేటు స్తంభాన్ని గుద్దాను. అది కూడా ఎలాగ? ఆవిడ బ్రేకు తొక్కబోతుంటే "నన్ను తొక్కనివ్వండి" అని అరిచి మరీ. ముందు బంపరు ఊడి నేల మీద పడింది. వీధిలో జనం పోగయ్యారు. నేను దిగి పారిపోదామని తలుపు మీద చెయ్యి వేశాను. వదిన గొంతు పెంచలేదు. స్తంభం వైపు ఒకసారి చూసి, నా వైపు చూసి, ఒకే మాట అంది. "మళ్ళీ."

ఆవిడ పాఠమంతా ఆ ఒక్క మాటే. ఎవరు ఏ తప్పు చేసినా తిట్టదు, వివరించదు, ఓదార్చదు. మళ్ళీ, అంటుంది. ఆ రోజు ఊడిన బంపరును వెనక సీట్లో పడేసుకుని ఇంకో గంటసేపు నాచేత గేటు లోపలికీ బయటికీ నడిపించింది. అన్నయ్యతో మాత్రం స్తంభాన్ని తానే గుద్దానని చెప్పింది. ఇరవై ఏళ్ళయినా ఆయన అదే నమ్ముతున్నాడు. ఇది ఆయన చదివితే తెలుస్తుంది, తెలియనీ.

తర్వాత మూడు గ్యారేజీల్లో పనికి చేరి మూడింటిలోనూ యజమానులతో పోట్లాడి బయటికొచ్చాను. నాలుగోసారి ఎవరూ రానివ్వలేదు. అప్పుడు వదిన స్కూలు వెనక ఉన్న షెడ్డు తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టింది. అందులో విరిగిన కుర్చీలు, పాత బోర్డులు ఉండేవి. "ఖాళీ చేసుకో. స్కూలు కార్లు రెండూ నువ్వే చూడు. ఇక్కడ పోట్లాడాలంటే నాతోనే పోట్లాడాలి" అంది. ఈ రోజు నా పేరు చెప్పుకుని పదిమంది బండ్లు తెస్తున్నారంటే అది ఆ తాళంచెవి చలవ. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. మా ఇంట్లో అలాంటివి అనుకోం. రాయడం సులువుగా ఉంది.

రెండేళ్ళ కిందట ఆవిడ దగ్గర నేర్చుకున్న కళ్ళజోళ్ళాయన ఒకరు ఆవిడను ఒక ఆదివారం ఆటోక్రాస్ చూడ్డానికి పిలిచారు. ఆయనకు బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది, మనిషి భారీ, మాట మెత్తన. ఆటోక్రాస్ అంటే కార్లు పక్కపక్కన పరిగెత్తే పందెం కాదు. ఊరి బయట మూతపడ్డ గోదాముల ముందు పెద్ద సిమెంటు మైదానం ఉంది. నెలకు రెండు ఆదివారాలు అక్కడ నారింజ రంగు కోన్లు వంకరటింకరగా పేరుస్తారు. ఒక్కో కారు ఒంటరిగా ఆ దారిలో వెళ్ళి రావాలి, పందెం గడియారంతో. కోను పడితే రెండు సెకన్లు కలుపుతారు. మనిషికి నాలుగు పరుగులు, వాటిలో ఏది బాగుంటే అది లెక్కలోకి వస్తుంది. నడపడం అయిపోయినవాళ్ళు ఎండలో నిలబడి తర్వాతి జట్టు పడగొట్టిన కోన్లు ఎత్తాలి. అందులో పెద్దా చిన్నా లేదు.

ఆ రోజు కళ్ళజోళ్ళాయన తన కారు ఇచ్చి ఒక్కసారి నడపమన్నారు. వదిన నడిపి వచ్చింది. ఇంటికొచ్చాక చెప్పింది.

"పక్కన ఎవరూ లేరు రా. ఇరవై నాలుగేళ్ళుగా రోజూ కారులోనే ఉన్నాను కదా. ఎప్పుడూ ఎవరో ఒకరు నడుపుతుంటే వాళ్ళ తప్పు కోసం కాసుకుని కూర్చున్నాను. ఇవాళ నా తప్పులు నేనే చేసుకున్నాను. ఎంత హాయిగా ఉందో."

రెండు నెలల్లో ఒక పాత రెండు సీట్ల కారు షెడ్డులోకి వచ్చింది. పైకప్పు బట్టది, మడిచేయొచ్చు. వదిన పొట్టి కాబట్టి బానెట్ అంచు కనపడేది కాదు. అన్నయ్య డ్రైవరు సీటు మీదకి మందపాటి దిండు కుట్టిచ్చాడు, జారకుండా పట్టీలతో సహా. "ఈ వయసులో ఇదేం సరదా" అని కుడుతున్నంతసేపూ గొణిగాడు. కానీ దిండుకు రెండు వరసల కుట్టు వేశాడు. ఇష్టం లేనివాడు రెండు వరసలు వేయడు.

వదిన బాగానే నడిపేది. ఆ రకం కార్లకు పెట్టిన ఏడుగురి క్లాసులో ఐదో స్థానం, ఒకసారి నాలుగు. కానీ ఆ కారు మలుపులో పడవలా ఒరిగేది. ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, స్వే బార్ అంటారు. కారు ఒక పక్కకు ఒరిగితే ఆ కడ్డీ మెలిపడి, తిరిగి నిటారుగా నిలబెట్టాలని చూస్తుంది. కడ్డీ ఎంత లావైతే అంత మొండి. వదిన క్లాసు నిబంధనల ప్రకారం ఈ ముందు బార్ ఒక్కటే మార్చుకోవచ్చు, మిగతా ఏదీ ముట్టుకోకూడదు. అందుకని దాని బదులు లావుపాటి బార్, పొడవు మార్చుకోగలిగే కొత్త లింకులు తెప్పించాను. ఆవిడకు చెప్పకుండా తెప్పించాను. ఇన్నేళ్ళలో ఆవిడకు నేను ఇచ్చిన మొదటి వస్తువు అదే. పెట్టె విప్పి చూసి, "ఇదేంట్రా, గేటుకు వేసే గడియలా ఉంది" అంది. కానీ చేత్తో ఆ చివర నుంచి ఈ చివరిదాకా నిమిరింది.

బిగించడానికి ఒక పూట పట్టింది. పాత కడ్డీ దించి, కొత్త రబ్బరు బుష్షులకు గ్రీజు పట్టించి, పట్టీలు బిగించాను. అంతవరకూ చేతులుంటే ఎవరైనా చేస్తారు. అసలు కిటుకు లింకుల్లో ఉంది. బార్ రెండు కొసలనూ చక్రాల వైపు భాగాలకు కట్టేవి ఈ లింకులు. వీటి పొడవు సరిచేసేటప్పుడు కారు గాలిలో వేలాడకూడదు, నాలుగు చక్రాల మీద నిలబడాలి. నడిపేమనిషి బరువు కూడా లోపల ఉండాలి. లేకపోతే కారు కదలకముందే బార్ మెలిపడి ఉంటుంది. చెప్పులో రాయి పెట్టుకుని నడక మొదలుపెట్టినట్టు. ఇవన్నీ నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి కూడా నాకు బాగా తెలుసు, అదే చిక్కు.

నాలుగు చక్రాల కిందా ఒకే మందం చెక్కలు వేసి, కిందికి దూరి, "వదినా, వచ్చి కాసేపు కూర్చో" అని కేక వేశాను. ఆవిడ తెల్ల బూట్లు వచ్చాయి. తలుపు పడింది. "కూర్చున్నాను" అంది. "కదలకు" అన్నాను. నా కళ్ళు నట్టు మీద ఉన్నాయి. పది నిమిషాల్లో రెండు లింకులూ సరిచేసి, కొలత చూపించే స్పానరుతో బిగించి, ప్రతి నట్టు మీదా తెల్ల రంగుతో గీత పెట్టాను. నట్టు వదులైతే గీత తప్పుతుంది, చూడగానే తెలుస్తుంది. పైకి వచ్చేసరికి వదిన దిగి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "చూడు, ఇక నీ కారు ఒరగదు" అన్నాను.

మర్నాటి ఆదివారం మైదానంలో కుడి మలుపులు చూసి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కారు గీత గీసినట్టు తిరుగుతోంది. ఎడమ మలుపు వచ్చేసరికి మాత్రం ముక్కు తిరగనని మొండికేసి బయటికి జారిపోతోంది. నాలుగు పరుగుల్లో పదకొండు కోన్లు పడ్డాయి. ఒక్కటి తప్ప అన్నీ ఎడమ మలుపుల్లోనే. క్లాసులో ఆఖరు.

"మలుపు ఆలస్యంగా తిప్పుతున్నారు మీరు" అన్నాను.

"లేదురా, ముందే తిప్పుతున్నాను. బండిలో ఏమన్నా ఉందేమో ఒకసారి చూడు" అంది.

నేను పెట్టిన బార్. నేను బిగించిన నట్లు. నేను గీసిన తెల్ల గీతలు. పదిమందిలో నా పని మీద మాట పడిందనిపించింది. "ఆడలేక మద్దెల ఓడు అన్నదట ఒకావిడ" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇన్నేళ్ళూ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకు నడపడం ఎక్కడ వస్తుంది" అని కూడా అన్నాను.

నాకు మరిదిగారూ అన్న పిలుపు రావాలి. రాలేదు. ఆవిడ హెల్మెట్ తీసి, దాని పట్టీ జాగ్రత్తగా లోపలికి మడిచి, కోన్లు ఎత్తడానికి వెళ్ళిపోయింది.

ఆ వారం స్కూల్లో ఏదో తేడాగా ఉంది. ముందుగా పేరు రాయించుకున్న ఒక నర్సమ్మ మొదటి పాఠానికి వస్తే, వదిన ఆమెను ఇంకో స్కూలు చూసుకోమని పంపేసింది. పాత విద్యార్థుల పాఠాలు మాత్రం ఎలాగో పూర్తి చేస్తోంది. బుధవారం అన్నయ్య కుట్టుమిషను దగ్గర నుంచి లేచి షెడ్డుకు వచ్చాడు. ఆయన షెడ్డుకు రావడం ఏడాదికోసారి.

"మీ వదినని ఏమన్నావురా?" అన్నాడు.

స్పానరు తుడుస్తూ తల వంచుకున్నాను. ఆయనే చెప్పాడు. "నిన్న పాఠం మధ్యలో ఎడమ మలుపు దగ్గర ఆపేసిందట. నాకే రానిది వాళ్ళకేం నేర్పుతాను అంటోంది. ఈ నెలాఖరు ఆదివారం కోన్లు ఎత్తుతానని మాటిచ్చిందట, అది తీర్చుకుని కారు అమ్మేస్తుందట. స్కూలు బోర్డు కూడా దించేస్తుందట."

ఇరవై ఆరేళ్ళ నమ్మకం నా ఒక్క మాటకు కూలిపోతోంది. ఆవిడ దగ్గరికి పోయి తప్పయిందని అనాల్సింది. ఏం చేశానంటే, వెళ్ళి కారు కింద దూరి నట్లు చూశాను. తెల్ల గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చూశావా, పనిలో తప్పు లేదు, అనుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడికి నాలుగో కాలు చేతికిచ్చినా కనపడదు.

నెలాఖరు ఆదివారం వచ్చింది. ఆ ఏటికి అదే ఆఖరి పోటీ. వదిన హెల్మెట్ తీసుకోలేదు, టోపీ పెట్టుకుని కోన్లు ఎత్తడానికే బయల్దేరింది. అమ్మే కారు నలుగురి కంట పడుతుందని చెప్పి దాన్ని నేనే నడుపుకుంటూ వచ్చాను, హెల్మెట్ డిక్కీలో దాచి. నా పనిముట్ల వ్యాను ఒక స్నేహితుడు తెచ్చాడు. ఆవిడ అందులో వచ్చింది. నా పక్కన కూర్చోలేదు.

మైదానంలో కళ్ళజోళ్ళాయన తన కారు పక్కన దిగాలుగా నిలబడి ఉన్నారు. క్లచ్ పోయింది. ఒకరి కారు ఇద్దరు పంచుకుని నడపడం అక్కడ మామూలే. ఆయన వదిన దగ్గరకు వచ్చి కారు అడిగారు.

"తీసుకోండి. నాలుగు పరుగులూ మీరే చేయండి. నేను నడపడం లేదు" అంది వదిన.

"అదేం మాట టీచరుగారూ. కారు మీది. మీరు పక్కన నిలబడితే నేను నడపడమా? ముందు మీరు, తర్వాత నేను. లేదంటే ఇద్దరం కోన్లే ఎత్తుదాం" అన్నారు ఆయన.

అంత పెద్ద మనిషి తన కోసం పోటీ మానుకుంటానంటే వదిన కాదనలేకపోయింది. నేను డిక్కీ తెరిచి హెల్మెట్ అందించాను. దాన్ని ఎందుకు తెచ్చావని ఆవిడ అడగలేదు.

మొదటి పరుగు, మూడు కోన్లు. రెండోది, నాలుగు. అన్నీ ఎడమ మలుపులో. దిగి, నేను అనుకున్నదే అన్నట్టు తలూపింది. అలా తలూపడం చూడలేక నేను గోదాము గోడ వైపు తిరిగాను. తర్వాత కళ్ళజోళ్ళాయన దిండు తీసి, సీటు వెనక్కి జరిపి, ఎలాగో ఇరుక్కుని ఎక్కారు. ఐదు కోన్లు పడగొట్టి వచ్చారు. దిగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"టీచరుగారూ, ఈ బండి ఎడమ వైపు మాట వినడం లేదు."

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అయినా గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే లేచాను. "బండికేం కాలేదు. నట్లు చూశాను. తిప్పడం చేతకాక" అని మొదలుపెట్టాను.

ఆయనకు కోపం రాలేదు. "నేను రోజూ కళ్ళు పరీక్ష చేస్తాను బాబూ. కొత్త జోడు పెట్టుకుని ఒక కంటితో బాగా కనపడి, రెండో కంటితో మసగ్గా ఉందంటే ముందు మనిషిని అనుమానించను. అద్దం తీసి చూస్తాను. చేతకానివాళ్ళయితే కుడి మలుపు కూడా రాకూడదు కదా. ఇద్దరం కుడి వైపు దివ్యంగా తిరిగాం."

వ్యానులోంచి చెక్కలు తెచ్చి, కారు వాటి మీదకి ఎక్కించి, కింద దూరాను. "వదినా, వచ్చి కాసేపు కూర్చో" అన్నాను. అవే మాటలు.

తెల్ల బూట్లు వచ్చాయి. ఈసారి నట్టు మీద చెయ్యి వేయకుండా వాటినే చూశాను. ఎందుకు చూశానో చెప్పలేను, బహుశా ఆవిడ మొహం చూసే ధైర్యం లేక. బూట్లు డ్రైవరు తలుపు దాకా వచ్చాయి. అక్కడ ఆగలేదు. నా తల పక్క నుంచి, కారు ముక్కు చుట్టూ తిరిగి, అవతలి పక్కకు వెళ్ళాయి. అవతలి తలుపు తెరుచుకుంది. కారు ఆ పక్కకు ఒక వేలెడు దిగింది. సరిగ్గా నా చెవి పైన, నేల రేకు మీద కుడికాలు టక్కున తొక్కిన చప్పుడు వినిపించింది.

"వదినా, ఎక్కడ కూర్చున్నావు?"

"కారులో."

"కారులో ఎక్కడ?"

పైన సీటు కిర్రుమంది. తర్వాత, "అయ్యో" అంది మెల్లిగా.

"ఆ రోజు షెడ్డులో కూడా ఇక్కడేనా?"

"ఇక్కడే అయ్యుంటుంది రా. కూర్చో అన్నావు, కూర్చున్నాను. ఇంకెక్కడ కూర్చుంటాను నేను?"

నడిపేమనిషి బరువు ఒక పక్క ఉంటే నేను రెండో పక్క బరువు పెట్టి బిగించాను. ఆవిడ డ్రైవరు సీట్లోకి మారగానే బార్ మెలిపడింది. కుడి మలుపుకు ఆ మెలిక సాయం చేసింది, ఎడమ మలుపుకు అడ్డం పడింది. ఆవిడ ముందే తిప్పానని చెప్పింది నిజం. నేను కళ్ళెత్తి చూసి ఉంటే ఒక్క క్షణం పని.

కింద నుంచి బయటికి రావడానికి నాకు కొంత సమయం పట్టింది. వచ్చి, అందరూ వింటుండగానే చెప్పాను. అప్పుడు అందరి ముందూ అన్నాను కాబట్టి ఇప్పుడూ అందరి ముందే అనాలి. "తప్పు నాది వదినా. చూడకుండా బిగించాను. చూడకుండా నిన్నన్నాను. మద్దెలే ఓడు."

ఆవిడ పక్క సీట్లో నుంచి కదలకుండా నా వైపు చూసింది. నా చెవి నిండా గ్రీజు ఉందని తర్వాత తెలిసింది. ముందు పెదవులు బిగించింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత ఇక ఆపుకోలేక హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఇరవై ఆరేళ్ళు పక్క సీట్లో కూర్చున్నందుకు ఫలితం చూశారా" అని కళ్ళజోళ్ళాయనతో చెప్పింది. ఆయన కూడా నవ్వారు. నేను నవ్వలేదు.

"ఈ పక్కకు వచ్చి కూర్చో వదినా. దిండు మీద" అన్నాను.

ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చున్నాక లింకు బోల్టు సుత్తితో కొడితే గానీ బయటికి రాలేదు. అంత బిగుసుకుపోయి ఉంది. లింకు మూడు చుట్లు తిప్పాక అదే బోల్టు రెండు వేళ్ళతో తోస్తే దూరిపోయింది. బార్ మీద ఏ మెలికా లేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బిగించి, పాత తెల్ల గీతలు బ్లేడుతో గీకేశాను. కొత్తవి పెట్టలేదు.

మూడో పరుగు. నేను రెండో ఎడమ మలుపు దగ్గర నిలబడ్డాను. ఇన్నాళ్ళూ వినని బండితో వేగి వేగి ఆవిడకు ముందే గట్టిగా తిప్పడం అలవాటైపోయింది. ఇప్పుడు బండి వింది. అతిగా విని లోపలి వైపు కోనును తన్నేసింది. ఒక్కటే కోను. కానీ తిరిగొచ్చిన ఆవిడ మొహం చూస్తే మళ్ళీ ఆ తలూపుడు మొదలయ్యేలా ఉంది. "బండి బాగుంది రా. ఇప్పుడు తప్పు నాదే" అంది.

ఏం చెప్పాలా అని వెతుక్కున్నాను. మలుపు ఎప్పుడు తిప్పాలో చెప్పొచ్చు. బతిమాలొచ్చు. కిటికీ దగ్గర వంగితే గేటు స్తంభం, ఊడిపడ్డ బంపరు, పోగయిన జనం గుర్తొచ్చారు. తలుపు మీద వేసిన నా చెయ్యి గుర్తొచ్చింది.

"మళ్ళీ" అన్నాను.

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. హెల్మెట్‌లోంచి కళ్ళు మాత్రమే కనిపించాయి, అవి చాలు. హెల్మెట్ అద్దం దించుకుంది.

నాలుగో పరుగులో నా ముందున్న ఎడమ మలుపును ఆవిడ ఎలా తిరిగిందో వర్ణించడానికి ఏమీ లేదు. మామూలుగా తిరిగింది. కోన్లు కోన్ల చోట ఉన్నాయి, కారు కారు చోట ఉంది. నేను ఎత్తాల్సిన పనేమీ లేకుండా చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను. ఏడుగురిలో మూడో స్థానం వచ్చింది. కళ్ళజోళ్ళాయనకు నాలుగు. "కారు మీది కాబట్టి మర్యాదకు వెనకబడ్డాను" అన్నారు. ఆ మర్యాద మూడు సెకన్లు ఉంది.

మధ్యాహ్నం వదిన చెప్పిన మాట ప్రకారం తన వంతు కోన్లు ఎత్తింది. ఎండ వాలాక కారు దగ్గరకు వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నువ్వు నడుపు. నాకు చేతులు లాగుతున్నాయి" అని అవతలి పక్కకు వెళ్ళి కూర్చుంది. కూర్చుని, తను ఏ సీట్లో కూర్చుందో చూసుకుని, మళ్ళీ కాస్త నవ్వింది.

గేటు దాటగానే, "ఆ నర్సమ్మకు ఫోను చేశాను. రేపు ఆరింటికి రమ్మన్నాను. బండి తుడిచి ఉంచు" అంది.

"అలాగే వదినా" అన్నాను. ఆ తాళంచెవి గురించి, షెడ్డు గురించి, అన్నయ్యతో చెప్పిన అబద్ధం గురించి ఈ పూటైనా నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను. గొంతు సవరించుకుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని మూడు వీధులు ఆలోచించాను.

ఇంటికి వెళ్ళే దారిలో ఆసుపత్రి గోడ దగ్గర ఒక పెద్ద ఎడమ మలుపు ఉంది. అక్కడ నేనెంత మెల్లిగా తిప్పినా ఆవిడ కాలు నేలను తొక్కకుండా ఉండదు. అలవాటుగా ఆ కాలి వైపు చూశాను. అది కదల్లేదు. తల తిప్పి చూస్తే వదిన హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, తల తలుపు వైపు వాల్చి, నోరు కొద్దిగా తెరుచుకుని నిద్రపోతోంది. ఇరవై ఆరేళ్ళుగా ఎవరి చేతిలో స్టీరింగు ఉన్నా కన్ను మూయని మనిషి, గేటు స్తంభాన్ని గుద్దినవాడి పక్కన నిద్రపోయింది.

చెప్పాలనుకున్న నాలుగు మాటలూ అలాగే ఉండిపోయాయి. ఇంటిదాకా ఎక్కడా బ్రేకు గట్టిగా తొక్కకుండా తీసుకొచ్చాను.